కార్త్యాయని ఏట్లో పడేసిన కంప్యూటర్

పుళిక్కడవు రేవులో కార్త్యాయని పేరెత్తితే ఎవరైనా ముందు చెప్పేది ఒకటే. వాయనశాల, అంటే ఊరి గ్రంథాలయం వాళ్ళు నమ్మి చేతికిచ్చిన కొత్త కంప్యూటర్ని నడి ఏట్లో పడేసిన మనిషి ఆమే. పడవ నడిపే అతను కళ్ళారా చూశాడు. సంచీలోంచి తీసిందట, కాసేపు ఒళ్ళో పెట్టుకుందట, తర్వాత పసిబిడ్డకి నీళ్ళు పోస్తున్నంత నెమ్మదిగా ఏట్లోకి జారవిడిచిందట. అది మునిగేదాకా చూసి, కొంగుతో చేతులు తుడుచుకుని, "ఇంక పోనీ" అందట.

ఎందుకు పడేసిందన్న దగ్గర మాత్రం ఊరు ఒక మాట మీద ఉండదు. చాతుక్కుట్టి చాయ కొట్టులో పొద్దున్న పుట్టు తినేవాళ్ళు ఒకటి చెబుతారు, సాయంత్రం పాలు లేని కట్టన్ చాయకి చేరేవాళ్ళు ఇంకొకటి.

"వాడటం చేతకాక పడేసింది. తొమ్మిదో తరగతితో ఆగిపోయిన మనిషికి కంప్యూటరేంటి?"

"అది కాదురా, అందులోంచి ఎవరో పేరు పెట్టి పిలిచారట."

"పిలిచింది వాయనశాల మాష్ అయ్యుంటాడు. పుస్తకం పోయిందని లెక్క అడగడానికి."

"నవ్వకండి. మాష్ దాన్ని బీఎస్సీ చదివిన పిల్లకి ఇచ్చేద్దామనుకున్నాడు. నాకు లేనిది ఎవరికీ వద్దని ఈమె ముంచేసింది. ఆడవాళ్ళ సంగతి తెలీదా?"

"నీ పెళ్ళాం నిన్నింకా ఏట్లో ముంచలేదుగా, నీకెలా తెలుస్తుంది?"

ఇన్ని మాటల చివర అందరూ ఒప్పుకునేది ఒకటుంది. ఆ దెబ్బతో వాయనశాల ఆమెని తీసేసింది, ఇప్పుడు ఏ ఇల్లూ ఆమెని గడప ఎక్కనివ్వడం లేదు.

కార్త్యాయనికి అప్పటికి నలభై ఆరేళ్ళు. బళ్ళో ఉండగా తల్లికి కాళ్ళు పడిపోయాయి. ఇంటి పనంతా మీద పడి చదువు ఆగింది. సంబంధాలు రెండు మూడు వచ్చి పోయాయి. తల్లి పోయేనాటికి ఆమె పెళ్ళి మాట ఎత్తే మనుషులు కూడా మిగల్లేదు. ఆ రోజుల్లోనే, చిన్నప్పుడు మలయాళం చెప్పిన మేష్టారు అచ్యుతన్ మాష్, తను నడిపే వాయనశాలకి ఆమెని పిలిచాడు. ఇల్లు కదలలేని ఆడవాళ్ళకి ఇళ్ళకే పుస్తకాలు తీసుకెళ్ళే మనిషి కావాలన్నాడు. ఒక గుడ్డ సంచీ, ఒక గొడుగు, ఒక రిజిస్టరు ఇచ్చాడు. అప్పటినుంచి పద్దెనిమిదేళ్ళు, ప్రతి మంగళవారం ఏటికి ఈ ఒడ్డూ ఆ ఒడ్డూ కలిపి అరవై మూడు ఇళ్ళు తిరిగింది.

తిరగడం మొదలుపెట్టిన ఏడాదే ఒక సంగతి జరిగింది. కొత్తగా కాపురానికి వచ్చిన ఒక పిల్ల, వెంటనే కడుపు రాకుండా ఏం చెయ్యాలో చెప్పే పుస్తకం అడిగి తీసుకుంది. అత్తగారు దాని బొమ్మ చూసింది. ఆ పిల్లని పుట్టింటికి పంపి, ఓనం దాటాకగానీ వెనక్కి తీసుకురాలేదు. కార్త్యాయని ఆ వారమే సిమెంటు సంచుల లోపలి కాగితం తెచ్చి, వాయనశాలలో ఉన్న ప్రతి పుస్తకానికీ ఒకే రకం అట్ట వేసింది. పైన అంకె తప్ప పేరు లేదు. ఏ ఇంట్లో ఏం చదువుతున్నారో ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు.

"సంచీలో ఏముంది కార్త్యాయని చేచ్చీ?" అని దారిలో ఆపి అడిగేవాళ్ళు. చేచ్చీ అంటే అక్క అన్నమాట.

"కాగితం" అనేది.

కంప్యూటర్ వచ్చింది వానాకాలం మొదట్లో. కొచ్చి నుంచి ఒక కొత్త కంపెనీ, అయిదు ఊళ్ళ వాయనశాలలకి ఒక్కోటి చొప్పున ఉట్టినే ఇచ్చింది. దాని పేరు 'వానం'. ఆకాశం అన్నమాట. చూడ్డానికి పలకంత పలచగా ఉండేది. నెట్ కోసం పక్కన ఒక పుల్ల గుచ్చాలి. వాడటం నేర్పడానికి వచ్చిన అమ్మాయి దాన్ని బల్ల మీద పెట్టి, "దీని కడుపులో ఏమీ ఉండదు చేచ్చీ. మీరు రాసేది, చూసేది, దాచుకునేది అంతా పైన నెట్‌లోనే ఉంటుంది. ఇది కిటికీ లాంటిది, అంతే" అంది.

కార్త్యాయని తల ఊపింది. కిటికీకి రెండు వైపులా చూపుంటుందని ఆ పూట ఆమెకి తోచలేదు.

ఆ అమ్మాయి ఇంకొకటి కూడా చెప్పింది. చెప్పలేదని కార్త్యాయని ఎన్నడూ అనలేదు. "ఒకరి వాడకం అయిపోగానే మీ పేరు మూసి బయటికి రండి. తర్వాతి వాళ్ళని అతిథిగా లోపలికి పంపండి. ప్రతి ఇంటి దగ్గరా ఇలాగే చెయ్యాలి. మర్చిపోకండి."

మొదటి రెండు వారాలు చేసింది. సంకేతపదం పద్నాలుగు అక్షరాలు, అన్నీ ఇంగ్లీషువి. ఒక్క వేలితో వెతుక్కుని కొడుతుంటే పక్కన నిలబడ్డ ఆడవాళ్ళు మూతికి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళు. "మీరు కొట్టేలోపు నా చేపల కూర ఉడికిపోతుంది చేచ్చీ" అని ఒకామె అంది. మూడో వారం, 'నన్ను గుర్తుంచుకో' అని అడిగే గడిలో ఒక టిక్కు పెట్టింది. ఆ తర్వాత అది ఏమీ అడగలేదు. మూత తెరిస్తే చాలు. ఒక ఇంట్లో మూత వేసేది, ఇంకో ఇంట్లో తెరిచేది. పుస్తకం మూసి ఇంకొకరి చేతికి ఇవ్వడం పద్దెనిమిదేళ్ళుగా చేతులకి అలవాటైన పని. మూసిన పుస్తకం, ఇంతకుముందు ఏ పేజీ మీద ఎవరి వేలు ఆగిందో చెప్పదు.

సౌదామిని ఇల్లు ఏటికి ఈ ఒడ్డున. భర్త దివాకరన్ రంపపు మిల్లులో పని. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా పిల్లల్లేరు. ఊరు ఆమెనే అనేది. పేరంటాలకి పిలిచి, పిలిచినవాళ్ళే మొహం తిప్పుకునేవాళ్ళు. సౌదామిని ఒక్క మాటా పైకి అనేది కాదు. అక్కలా 'ఇత్తా' అని పిలిచే పక్కింటి ఆమినతో తప్ప ఎవరితోనూ మనసు విప్పేది కాదు. రెండిళ్ళ మధ్య కంచెలో మనిషి పట్టేంత సందు ఉండేది. కర్రపెండలం ఇటు నుంచి అటు, మత్తి చేపలు అటు నుంచి ఇటు, రోజుకి పదిసార్లు తిరిగేవి.

ఆ మంగళవారం సౌదామిని, "చేచ్చీ, కోళికోడ్‌లో ఒక డాక్టరు ఉత్తరాలకి జవాబులిస్తాడట గదా. నేను ఒకటి రాసుకోవచ్చా?" అంది.

"రాసుకో. నేను వసారాలో కూర్చుంటా."

వీపు తిప్పుకుని కూర్చుని చిక్కుళ్ళకి ఈనెలు తీసింది. లోపల మీటల చప్పుడు వచ్చేది, ఆగేది, మళ్ళీ వచ్చేది. ఒకసారి ముక్కు చీదిన చప్పుడు వినపడింది. కార్త్యాయని తల తిప్పలేదు. ఇంతలో రేవు నుంచి పడవవాడి కేక వినిపించింది. ఏరు పొంగుతోంది, ఈ పడవ తప్పితే మధ్యాహ్నం దాకా ఇంకోటి లేదు.

"అవలేదు చేచ్చీ, ఇంకా సగమే."

"వచ్చే వారం రాద్దువుగాని. ఎక్కడికీ పోదులే" అంటూ కార్త్యాయని మూత వేసి, సంచీలో పెట్టి, గొడుగు విప్పింది.

అవతలి ఒడ్డున మొదటి ఇల్లు చాతుక్కుట్టిది. ముందు చాయ కొట్టు, వెనక కాపురం. అతని భార్య విశాలానికి కంప్యూటర్లో వంటలు చూడటం సరదా. సంచీ దించుతుంటేనే అందుకుంది. కార్త్యాయని పాత పుస్తకం కోసం లోపలి గదిలోకి వెళ్ళింది. అది బియ్యం డబ్బా వెనక పడి ఉంది. దులిపి తెచ్చేసరికి ఎంతసేపయిందో ఏమో. విశాలం తెర ముందు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది. మూకుడు మాడుతున్నా లేవలేదు.

"ఏం చూస్తున్నావు విశాలం?"

"ఏం లేదు చేచ్చీ. వంటలు."

తెర మీద వంటలేమీ లేవు. మలయాళం అక్షరాలున్నాయి. ఒక్క వాక్యం కార్త్యాయని కంటబడింది. 'నా భర్త దివాకరన్, ముప్పై అయిదేళ్ళు, లోపం ఆయనలోనే అని రిపోర్టులో వచ్చింది, ఇది ఎవరికీ చెప్పనని ఆయనకి ప్రమాణం చేశాను.'

కార్త్యాయని మూత వేసింది.  అప్పుడే, అక్కడే, "విశాలం, నీకు దణ్ణం పెడతాను, ఇది చూసిన సంగతి మర్చిపో" అని ఉండవచ్చు. అడిగితే విశాలం ఒప్పుకునేదేమో. కానీ అడిగితే చదివిందని ఖాయమవుతుంది. చదవలేదేమో అనుకోవడానికి ఇంకా కాస్త చోటుంది. ఆ కాస్త చోటులోనే నిలబడాలనుకుంది. "మూకుడు మాడుతోంది చూడు" అని మాత్రం అని బయటికి వచ్చేసింది.

శుక్రవారానికి కొట్టులోకి పాకింది. పని అయ్యాక చాయ తాగుదామని దివాకరన్ వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. చాతుక్కుట్టి గ్లాసు ముందు పెట్టి, మొహంలో నవ్వు లేకుండా, "పాలు ఎక్కువ పోశాను దివాకరా. బలం కావాలిగా" అన్నాడు.

"మిల్లులో దుంగలన్నీ కోస్తాడు గానీ..." అని ఇంకొకడు మొదలుపెట్టి దగ్గు వచ్చినట్టు ఆపేశాడు. బల్లలన్నీ ఘొల్లుమన్నాయి.

దివాకరన్ చాయ ముట్టలేదు. ఇంటికి వెళ్ళాడు. అరవలేదు, చెయ్యి ఎత్తలేదు. "ఒక్క మాట దాచమన్నాను నిన్ను" అన్నాడంతే. చాప, దుప్పటి చుట్టుకుని మిల్లు షెడ్డుకి పోయి అక్కడే పడుకోవడం మొదలుపెట్టాడు.

సౌదామిని ఆ మాట చెప్పింది ఒక్క ఆమినకే. ఇంకెవరిని అనుకుంటుంది? మర్నాడు పొద్దున్నే తాటి మట్టలు, ముళ్ళ కొమ్మలు తెచ్చి కంచె సందు మూసేసింది. ఆమిన అటువైపు నిలబడి, "సౌదామినీ, నా పిల్లల మీద ఒట్టు, నేను ఎవరికీ అనలేదు" అని ఏడ్చింది.

"పిల్లలున్నవాళ్ళకి ఒట్లు తేలికే ఇత్తా. నాకు ఒట్టు పెట్టుకోవడానికి కూడా ఎవరూ లేరు" అని సౌదామిని ఇంకో ముళ్ళ కొమ్మ గుచ్చింది.

ఇదంతా కార్త్యాయనికి తర్వాతి మంగళవారం సౌదామిని నోటే తెలిసింది. కంప్యూటర్ తీయబోతే వద్దంది. ఇంక రాయడానికేమీ లేదంది. అట్ట వేసిన పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని, "మీలా నోరు కట్టేసుకున్న మనిషి ఈ ఊళ్ళో ఇంకొకరుంటే చాలు చేచ్చీ. పద్దెనిమిదేళ్ళలో ఒక్క గుట్టు బయటపెట్టలేదు మీరు. నేను మీకు చెప్పుకోవలసింది, ఆమెకి చెప్పుకున్నాను" అంది.

కార్త్యాయని నోరు తెరిచింది.  "పుస్తకం రెండు వారాలు ఉంచుకో" అంది.

కంచె అవతలి నుంచి ఆమిన పిలిచింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "కార్త్యాయని చేచ్చీ, మీ మాట వింటుంది అది. నేను చెప్పలేదని మీరైనా చెప్పండి. నా మీద మీకు నమ్మకం లేదా?"

"ఉంది ఆమినా."

"మరి చెప్పండి."

"చెబుతాను" అంది కార్త్యాయని. ఆ రోజు చెప్పలేదు. ఆ వారమూ చెప్పలేదు. రాత్రి గంజిలోకి చెయ్యి పెట్టి అలాగే కూర్చుండిపోయేది. చెబితే వాయనశాల పని పోతుంది. అది పోతే తను ఎవరు? ఊళ్ళో ఆమెని పేరు పెట్టి పిలిచేది ఆ సంచీ వల్లనే.

కంప్యూటర్ కూడా ఆమెని ఊరుకోనివ్వలేదు. ఇప్పుడు ఏ ఇంట్లో మూత తెరిచినా పక్కన పిల్లల బొమ్మలు, కింద ఆసుపత్రుల ప్రకటనలు. 'సంతానం కోసం ఎదురుచూస్తున్నారా? ఈ రోజే రండి.' డెబ్బై రెండేళ్ళ బీయుమ్మ ముసలమ్మ మక్కా బొమ్మలు చూద్దామని తెరిపిస్తే అక్కడా అదే. ముసలమ్మ బోసినోటితో పగలబడి నవ్వింది. "ఏంటే కార్త్యాయనీ, నాకింకా ఆశ ఉందంటావా?" కోడళ్ళంతా నవ్వారు. కార్త్యాయని కూడా నవ్వింది. నవ్వుతూనే చెవులు వేడెక్కడం తెలిసింది. సౌదామిని ఉత్తరం ఒక్క విశాలం చదవడంతో ఆగలేదు. ఇంకెవరో కూడా చదివారు. చదివి, ఇల్లిల్లూ తిరిగి కేకలేస్తున్నారు. ఆ కేకలు మోసుకు తిరుగుతున్నది తనే.

ఆ పై మంగళవారమే పడవలో ఆ పని చేసింది. పోతే సౌదామిని మాటలు దానితోపాటు పోతాయనుకుంది. పుస్తకం తడిస్తే అక్షరాలు కరిగిపోవడం ఆమె ఎన్నిసార్లు చూడలేదు? చేతిలోంచి జారిపోయిందని మాష్‌కి చెప్పింది. పడవవాడు చూసింది ఇంకా ఊళ్ళోకి పాకలేదు. ఆ ఒక్క సాయంత్రం కడుపు నిండా తిన్నది. ఇంక ఎవరూ చదవలేరు, ఇంక తననెవరూ పట్టుకోలేరు అనుకుంది. ఏది ముందు అనుకుందో ఆమెకే తెలియదు.

అచ్యుతన్ మాష్ కోప్పడతాడని ఎదురుచూసింది. ఆయన కోప్పడలేదు. అదే వారం కంపెనీకి కబురు చేసి ఇంకొకటి తెప్పించాడు. కార్త్యాయనిని వాయనశాలకి పిలిచి, కొత్త బొమ్మ తెచ్చిన తాతలా మురిసిపోతూ బల్ల మీద పెట్టాడు.

"భయపడ్డావా పిచ్చిదానా? పోయింది రేకు, ప్లాస్టిక్కు. లోపల ఉన్నదేదీ పోదు. అదే దీని గొప్ప. చూడు." కళ్ళజోడు సర్దుకుని, ఆమె పేరు, ఆ పద్నాలుగు అక్షరాలు తనే కొట్టాడు.

అంతా లేచి వచ్చింది. విశాలం చూసిన వంటలు, బీయుమ్మ మక్కా, పక్కన పిల్లల బొమ్మలు. వాటి మధ్య, ఎక్కడ ఆగిందో అక్కడే, సగం రాసిన ఉత్తరం. చివరి మాట తర్వాత చిన్న గీత మినుకుమినుకుమంటోంది, మిగతాది రాయమని అడుగుతున్నట్టు.

మాష్ కిటికీ తలుపు వెయ్యడానికి లేచాడు కాబట్టి చూడలేదు. కార్త్యాయని బల్ల అంచు పట్టుకుంది.

"మాష్, ఆ కంపెనీ అమ్మాయికి ఒకసారి ఫోన్ కలపండి."

మాష్ తన ఫోన్ ఇచ్చాడు. కార్త్యాయని దాన్ని తీసుకుని పుస్తకాల బీరువాల వెనక్కి వెళ్ళింది.

"ఒకటి చెరపాలమ్మా. మొత్తానికి లేకుండా చెరపాలి."

"చాలా తేలిక చేచ్చీ. పక్కన చెత్తబుట్ట బొమ్మ ఉంది చూడండి, దాని మీద నొక్కండి. మీకింక కనపడదు."

"నాకు కనపడకపోతే సరిపోదు. మీకు?"

"మాకా? మా దగ్గర తొంభై రోజులుంటుంది. పొరపాటున చెరిపినవాళ్ళు మళ్ళీ అడుగుతారని."

"మీ దగ్గరంటే ఎవరి దగ్గర?"

"ఎవరి దగ్గరా కాదు చేచ్చీ. సర్వర్లో."

"అక్కడ కూర్చునేది ఎవరు?"

"ఎవరూ కూర్చోరు."

"ఎవరూ కూర్చోకపోతే, ముసలమ్మకి పిల్లల ఆసుపత్రి చూపించమని ఎవరు చెప్పారు?"

 "అది మనుషులు చదివి చేసేది కాదు చేచ్చీ. మాటల్ని బట్టి దానంతటదే చేస్తుంది. మొదటిరోజు మీరు ఒప్పుకున్న కాగితంలో ఉంది."

"ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది."

"అవును" అంది ఆ అమ్మాయి మెల్లగా. గొంతులో వయసు తెలిసింది. ఇరవై రెండు ఉంటాయేమో. తర్వాత, ఏదో ఒక సాయం చెయ్యాలన్నట్టు, "చెరిపే ముందు ఎవరు తెరిచారో చూసుకోవాలంటే పైన గడియారం బొమ్మ నొక్కండి. ఎప్పుడు రాశారో, మళ్ళీ ఎప్పుడు తెరిచారో అన్నీ ఉంటాయి" అని చెప్పింది.

కార్త్యాయని నొక్కింది. వరసగా వచ్చాయి. ఆ మంగళవారం పది యాభై రెండుకి రాయడం మొదలు. పదకొండు పదికి మూత పడింది. పదకొండు ముప్పై ఎనిమిదికి మళ్ళీ తెరిచారు. ఎనిమిది నిమిషాలు తెరిచే ఉంది. పదకొండు ముప్పై ఎనిమిదికి అది విశాలం ఒళ్ళో ఉంది. ఆమె రిజిస్టరులో ఆ రోజు ఇళ్ళ వరసా ఉంది. ఎవరైనా రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆమిన నోరు విప్పలేదని చిన్నపిల్ల కూడా చెప్పగలదు.

చెత్తబుట్ట బొమ్మ మీదకి వేలు వెళ్ళింది. ఒక్కసారి నొక్కితే ఉత్తరమూ పోతుంది, దానితోపాటు ఈ గంటలూ నిమిషాలూ పోతాయి. ఇంక రుజువనేది ఉండదు. కంచె అలాగే ఉంటుంది, ఆమిన అలాగే ఏడుస్తుంది, సౌదామిని తనని మెచ్చుకుంటూనే ఉంటుంది. పుస్తకాలకి అట్ట వేసిన వేలే అది. ఇన్నాళ్ళూ అట్ట వేసింది ఎదుటివాళ్ళని కాపాడటానికి. ఇప్పుడు నొక్కితే కాపాడుకునేది తనని.

వేలు వెనక్కి తీసుకుంది. "మాష్, దీన్ని ఒక పూట తీసుకెళతాను. మళ్ళీ ఏట్లో పడెయ్యనులెండి" అంది. అది జోకనుకుని మాష్ నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి ఆపేశాడు.

సౌదామిని వసారాలో బియ్యం ఏరుతోంది. కార్త్యాయని చెప్పులు విడవకుండానే కంచె దగ్గరికి వెళ్ళి, "ఆమినా, చుట్టు తిరిగి ఇటు రా" అని పిలిచింది.

"ఆమె నా గుమ్మం ఎక్కడానికి వీల్లేదు" అంది సౌదామిని.

"ఎక్కకపోతే కింద నిలబడుతుంది. నేను చెప్పేది ఇద్దరూ వినాలి."

ఆమిన వచ్చి మెట్టు కింద నిలబడింది. కార్త్యాయని కంప్యూటర్ తెరిచింది. రిజిస్టరు పక్కన పెట్టింది. ఎక్కడ చూడాలో వేలితో చూపించింది. ఒక్కో అంకె చదివింది. తర్వాత తను పెట్టిన టిక్కు, మూత వేసిన తొందర, మాడిన మూకుడు, అన్నీ చెప్పింది. మధ్యలో ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు.

సౌదామిని చాలాసేపు తెర వంక చూసింది.

"అంటే మొదటి రోజే మీకు తెలుసు."

"తెలుసు."

"నేను మిమ్మల్ని మెచ్చుకున్న రోజు?"

"తెలుసు."

"ఆమినిత్త కంచె దగ్గర ఏడ్చినప్పుడు?"

"అప్పుడూ తెలుసు సౌదామినీ."

"కంప్యూటర్ చేతిలోంచి జారలేదు."

"లేదు. నేనే పడేశాను."

మెట్టు కింద నుంచి ఆమిన అంది, "పద్దెనిమిదేళ్ళు ఇంటింటి గుట్టూ దాచారు చేచ్చీ. మూడు వారాలు నా పరువు దాచలేకపోయారు." కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే కార్త్యాయనికి కొంచెం తేలికయ్యేది.

"దీన్ని నువ్వే చెరుపు" అని కార్త్యాయని కంప్యూటర్ సౌదామిని ముందుకి జరిపింది. "ఇక్కడ పోతుంది. వాళ్ళ దగ్గర ఇంకో తొంభై రోజులుంటుందట. ఆ తర్వాతైనా పోతుందో లేదో నేను చెప్పలేను. అడిగాను. ఆ పిల్లకీ గట్టిగా తెలీదు."

సౌదామిని చెరిపింది. చెరిపాక చేతిలో బియ్యం గింజలు చేటలోకి దులుపుకుని లోపలికి వెళ్ళింది. అట్ట వేసిన పుస్తకం తెచ్చి రిజిస్టరు మీద పెట్టింది. "ఇంక మీరు రాకండి" అంది.

అక్కడినుంచి కార్త్యాయని మిల్లుకి వెళ్ళింది. రంపం హోరులో దివాకరన్‌కి ఏమీ వినపడలేదు. ఆగేదాకా దుంగల పక్కన నిలబడింది. ఆగాక, ఒంటి నిండా పొట్టుతో అతను వచ్చాడు. ఆమె చెప్పిందంతా నేల చూస్తూ విన్నాడు.

"నోటితో చెప్పకపోతే ఏం, రాసిందిగా."

"డాక్టరుకి రాసింది. ఊరికి వినిపించింది నేను."

"అందులో నా గురించి ఏమని రాసింది?"

"నాకు కనబడింది ఒక్క వాక్యమే. మిగతాది నేను చదవలేదు, చదవను. అడగాలంటే ఆమెనే అడుగు."

దివాకరన్ పొట్టు దులుపుకున్నాడు. "ఆ కొట్టుకి వెళ్ళి కూడా చెబుతారా ఇదంతా?"

"చెబితే నీ పేరు మళ్ళీ ఎత్తాలి" అంది కార్త్యాయని. "నన్ను ఏమన్నా అనుకోనీ."

అతను రంపం దగ్గరికి వెళ్ళిపోయాడు. కర్కాటక మాసపు వానలు తగ్గాక, ఒక సాయంత్రం చాప చుట్టుకుని ఇంటికి పోయాడని మిల్లు వాళ్ళు చెప్పారు.

విశాలం ఇంటికి కూడా వెళ్ళింది. విశాలం కళ్ళు తుడుచుకుంది. ఒక్క మా ఆయనకే చెప్పాను చేచ్చీ అంది. ఆ రోజు నోరు తెరిచి అడగనిది తను. విశాలాన్ని ఏమనగలదు?

సంచీ, గొడుగు, రిజిస్టరు తీసుకెళ్ళి మాష్ బల్ల మీద పెట్టింది. జరిగిందంతా చెప్పింది. పేర్లు మాత్రం చెప్పలేదు. మాష్ కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు. "గొప్పలు చెప్పింది నేను. మోసింది నువ్వు" అన్నాడు. కంప్యూటర్ని గోడవైపు బల్లకి చేర్చి, ఇక అది వాయనశాల దాటి వెళ్ళదని, ఎవరి పేరుతో వాళ్ళే తెరవాలని ఒక కాగితం మీద రాసి అంటించాడు. సంచీ మాత్రం తిరిగి ఆమె భుజానికి తగిలించాడు.

వాయనశాల ఆమెని తీసేసిందని రేవులో ఇప్పటికీ చెప్పుకుంటారు. ప్రతి మంగళవారం ఆమె అదే పడవలో, వాళ్ళ ముందు నుంచే, అరవై రెండు ఇళ్ళకి పుస్తకాలు తీసుకెళుతుంది. సౌదామిని ఇంటికి వెళ్ళదు. ఆమె కోసం అట్ట వేసిన పుస్తకం ఆమినకి ఇస్తుంది, ఆమిన తీసుకెళ్ళి ఇస్తుంది.